అంతరిక్షానికి హరీస్ పంపినప్పుడు

ఫుడ్ టెక్నాలజీ చదివి గల్ఫ్‌లో క్వాలిటీ విభాగంలో చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. ఏ సర్టిఫికెట్లు కావాలి, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు అంటారు. అవి చెప్పడానికి నాకంటే తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను చెప్పగలిగింది వేరే. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లోని ఒక ఫ్యాక్టరీలో నా పనల్లా, సీలు వేసిన పొట్లాల్లో తిండి బయటికి వెళ్ళే ముందు అది మంచిదా కాదా తేల్చడం. ఓడలకు, ఎడారిలో పనిచేసే చోట్లకు, లేబర్ క్యాంపులకు మా పప్పు, రాజ్మా, కోడికూర వెళ్ళేవి. పొట్లంలో కూర నింపి, సీలు వేసి, రిటార్ట్ అనే పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి యంత్రంలో ఉడికిస్తాం. ఆ తర్వాత ఫ్రిజ్ లేకపోయినా నెలల తరబడి చెడిపోదు.

తేల్చడం అన్నాను కానీ, పూర్తిగా తెలిసి తేల్చిన రోజులు తక్కువ. ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. అందుకే నాకు అన్నిటికంటే అయోమయంగా గడిచిన ఒక్క పని గురించి రాస్తున్నాను.

ముక్కు అబద్ధం చెప్పిన రోజులు

మా దగ్గర యంత్రాలకు కొదవ లేదు. తేమ కొలిచేది ఒకటి, పులుపు కొలిచేది ఒకటి, సీలు గట్టిదనం చూసేది ఒకటి. అయినా పొద్దున్నే మొదటి పొట్లం కత్తిరించి, ఆవిరి దగ్గర ముఖం పెట్టి ఒక్క క్షణం ఆగితే సగం విషయం తేలిపోయేది. నూనె పాతబడినా, మసాలా మాడినా ముక్కే ముందు పట్టేది. నెల్లూరు కోటమిట్టలో మా అమ్మ పక్కన పొయ్యి దగ్గర కూర్చుని నేర్చుకున్న విద్య అది. కాలేజీలో దానికి పెద్ద పేరు పెట్టారు, అంతే.

కరోనా వచ్చిన రెండో ఏడు నాకూ సోకింది. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. డ్యూటీలో చేరిన రోజే సమీర్ గదికి వెళ్ళాను. సమీర్ ఈజిప్టు మనిషి, మా ఫ్యాక్టరీ ముదీర్, అంటే మేనేజర్. గొంతు ఎక్కువ, ఓపిక తక్కువ. కానీ ఒకసారి మాట ఇస్తే వెనక్కి తీసుకునేవాడు కాదు. నేను పనిచేసిన పై అధికారుల్లో అరవని పెద్దమనుషులు కొందరున్నారు. వాళ్ళకంటే ఈయనే నయం.

"సమీర్, నాకు వాసన తెలియడం లేదు. రుచి కూడా అంతంతమాత్రం. ఈ కుర్చీలో నేను ఉండొచ్చో లేదో మీరే చెప్పండి" అన్నాను.

ఆయన ల్యాబ్ వైపు చెయ్యి చూపించాడు. "ఆ యంత్రాలకు ముక్కుందా? పని చేయడం లేదా? నువ్వూ చెయ్యి. రుచి చూడడానికి వేరే ఇద్దర్ని పెట్టుకో. ఖలాస్."

అలా నా కుర్చీ నాకు మిగిలింది. కొన్ని నెలలకు వాసన తిరిగి రావడం మొదలైంది. సంతోషించే లోపే అసలు తమాషా బయటపడింది. ఒకరోజు ఇంట్లో వంటగదిలోంచి టైరు తగలబడుతున్నట్టు కంపు.

"ఏంది కాలతా ఉండేది?" అని పరిగెత్తాను.

మా ఆయన గరిటె పట్టుకుని బిక్కమొహం వేశాడు. "ఏం కాల్లేదే. ఆమ్లెట్‌కి ఉల్లిపాయలు వేయిస్తుండా."

కాఫీ డ్రైనేజీ కంపు కొట్టేది. కొత్తిమీర సబ్బులా ఉండేది. మల్లెపూలకు అసలు వాసనే లేదు. డాక్టరు ఇలా కొందరికి అవుతుందని, ఎప్పుడు సర్దుకుంటుందో చెప్పలేనని అన్నాడు. పనిచేయని ముక్కుతో ఎలాగో నెట్టుకురావచ్చు. తప్పు చెప్పే ముక్కుతో బతకడమే కష్టం. ఏది నమ్మాలో తెలిసేది కాదు. బాగున్న కూరను చూసి ముఖం చిట్లించేదాన్ని. పక్కవాళ్ళు బాగుందంటే తల ఊపేదాన్ని.

హెస్సా తెచ్చిన పని

సరిగ్గా ఆ రోజుల్లోనే హెస్సా మా ఫ్యాక్టరీకి వచ్చింది. దుబాయ్ అమ్మాయి, అంతరిక్ష విభాగంలో ఇంజినీరు. మనుషుల్ని తీసుకుని ఒక నౌక అంతరిక్ష కేంద్రానికి వెళ్ళబోతోందని చెప్పింది. వెళ్ళేవాళ్ళతోపాటు కేంద్రంలో ఉండేవాళ్ళకు కొంత సామాను కూడా అందులోనే వెళ్తుందట. ఆ సామానులో తమ ప్రాంతపు వంటకం ఒకటి ఉండాలని అనుకున్నారు. ఆ వంటకం హరీస్.

హరీస్ తెలియనివాళ్ళకు ఒక మాట. గోధుమలు, మాంసం కలిపి గంటల తరబడి ఉడికించి, రెండూ కలిసిపోయేదాకా మెదిపే వంట. మన హలీమ్‌కి పెద్దన్న అనుకోండి. కానీ హలీమ్‌లా మసాలాలు ఉండవు. ఉప్పు, నెయ్యి, మహా అయితే కాస్త దాల్చినచెక్క. అందం అంతా దాని వాసనలోనే ఉంటుంది.

సమీర్ పొంగిపోయాడు. నాకైతే మొదటి మీటింగ్ నుంచే తల తిరిగింది. హెస్సాకు విదేశం నుంచి వచ్చిన సూచనల్లో ఒకచోట, తిండి చెంచాకు అతుక్కునేంత చిక్కగా ఉండాలని ఉంది. ఇంకోచోట సన్నని గొట్టంలోంచి జారేలా ఉండాలని ఉంది. రెండూ ఎలా కుదురుతాయని అడిగితే ఆ అమ్మాయి నుదురు రుద్దుకుంది.

"నాకూ అర్థం కాలేదు మేడమ్. వాళ్ళని అడిగితే ఇంకో రెండు కాగితాలు పంపారు. ఇప్పుడు ఇంకా తక్కువ అర్థమవుతోంది."

ఆ మాటతో ఆ పిల్ల నాకు నచ్చింది. చివరికి తేలిందేమంటే ఒకటి కూరలకు, రెండోది పానీయాలకు. ఎవరో రెంటినీ కలిపేశారు. అది తేలడానికే మాకు చాలా రోజులు పట్టింది.

రిటార్ట్, సీలింగ్ యంత్రాలు రెండూ చూసుకునేది సత్తిబాబు. రాజోలు వైపు మనిషి, పనిలో నిదానం, మాటలో చురుకు. అతనికి ఈ వ్యవహారమంతా విడ్డూరంగా ఉంది.

"అక్కడ చిన్న గ్యాస్ పొయ్యి పెట్టుకోలేరాండీ మేడమ్‌గారూ?"

"పొయ్యి ఉండదు సత్తిబాబూ. పొట్లం వెచ్చబెట్టుకునే పెట్టె ఉంటదంతే. నీళ్ళు ఒలికినా కింద పడవంట. ఉండలుగా తేలతా ఉంటాయంట."

"మరి గంజండీ?"

"అదీ తేలద్ది."

కాస్త ఆలోచించాడు. "అయితే హరీస్ మంచిదేనండి. మనం గిన్నె బోర్లించినా అది కింద పడదు కదండీ."

బాగుంది అంటే ఎవరికి?

కొన్ని ప్రయత్నాల తర్వాత మంచి బ్యాచ్ వచ్చింది. రుచి చూసే ఇద్దరూ ఒప్పుకున్నారు. హెస్సా ఒక చెంచా తిని కళ్ళు మూసుకుని, "మా జద్దా చేసినట్టే ఉంది" అంది. వాళ్ళ నానమ్మ అన్నమాట. విదేశంలో శిక్షణలో ఉన్నవాళ్ళకు పంపితే వాళ్ళూ బాగుందన్నారు. సమీర్ బల్ల మీద చరిచి, "యల్లా, రిటార్ట్ నింపండి" అన్నాడు.

అప్పుడు హెస్సా మాటల మధ్యలో ఇంకో సంగతి చెప్పింది. బరువు తెలియని చోటికి వెళ్ళిన కొత్తలో ఒంట్లోని నీరు తల వైపు చేరుతుందట. ముఖం ఉబ్బి, జలుబు చేసినట్టు ముక్కు మూసుకుపోతుందట. చాలామందికి తిండి చప్పగా అనిపిస్తుందట.

నేను వెంటనే చెంచా తీసుకుని మా హరీస్ తిన్నాను. నాకు అందులో ఉప్పు తెలిసింది, జిగురు తెలిసింది. అంతే. గోడలకు పోస్టర్లు అంటించే మైదా జిగురు తిన్నట్టుంది.

"సమీర్, పైన వాళ్ళకు ఇది ఇలాగే ఉంటుందేమో" అన్నాను. "వాసన లేనప్పుడు నాలుకకు మిగిలేవి ఉప్పు, పులుపు, కారం. ఇందులో పులుపూ లేదు, కారమూ లేదు."

"హరీస్‌లో పులుపా! నా ముందన్నావు సరే, ఈ దేశంవాళ్ళ ముందు అనకు."

"హరీస్ ముట్టుకోవద్దు. పక్కన చిన్న సాషే ఇద్దాం. లూమీ, ఎండుమిర్చి కలిపి నూరిన కారం. కావాల్సినవాళ్ళు కలుపుకుంటారు." లూమీ అంటే ఎండబెట్టిన నల్ల నిమ్మకాయ. అక్కడివాళ్ళ వంటల్లో పులుపు అదే.

సమీర్ గొంతు ఈసారి పెరగలేదు, తగ్గింది. అది మరీ ఇబ్బందిగా అనిపించింది. "షాహిదా, నీ మీద నాకు గౌరవం ఉంది. కానీ నీ ముక్కుకు జబ్బు చేసింది. అందరూ బాగుందన్నదాన్ని జబ్బు చేసిన ముక్కు మాట విని మార్చమంటావా?"

 ఆయన అన్నది తప్పని ఈరోజుకీ అనలేను. నా నాలుకకూ, తేలుతూ తినేవాళ్ళ నాలుకకూ పోలిక ఉందని నేను అనుకున్నాను కానీ, రుజువేది? మా మధ్య కూర్చున్న హెస్సా ఇద్దరి మాటకూ తల ఊపింది. చివరికి, "సాషే కూడా చేసి చూద్దాం. పరీక్షలు దాటితే పంపుదాం" అంది.

ఉబ్బిన సాషేలు

సాషేలు చక్కగా వచ్చాయి. ఎర్రగా, నూనె మెరుస్తూ. గాలి తీసేసిన గదిలాంటి యంత్రంలో పెట్టి చూడడమే మిగిలింది. నౌకలో గాలి ఒత్తిడి అటూ ఇటూ అయితే పొట్లం తట్టుకోవాలి కదా, అందుకు. యంత్రం నడుస్తుంటే అద్దంలోంచి చూస్తున్నాం. కొన్ని సాషేలు పూరీల్లా పొంగాయి. మిగతావి కదల్లేదు.

మా వృత్తిలో పొంగిన పొట్లం చూస్తే గుండె ఆగుతుంది. లోపల సూక్ష్మజీవులు పెరిగి గ్యాస్ పట్టిందేమో అని మొదటి భయం. సీలు సరిగా పడక గాలి దూరిందేమో అని రెండోది. ఒక సాషే కత్తిరించి హెస్సాకు ఇచ్చాను. "నువ్వు వాసన చూడు, నా ముక్కు మాట వద్దు." నిమ్మకాయ వాసనే వస్తోందంది. నాకేమో రబ్బరు కంపు కొట్టింది. ఆ కంపు లోపల నిజంగా ఉందో నా తలలో ఉందో చెప్పలేక దిక్కులు చూశాను.

ల్యాబ్ నుంచి ఫలితం రావడానికి సమయం పడుతుంది. సామాను అప్పగించాల్సిన గడువేమో దగ్గరపడింది. మర్నాడు మీటింగ్‌కి ముందు సమీర్ నన్ను పక్కకు పిలిచాడు.

"సీలు తప్పు అని చెబుదాం. ఆపరేటర్ పొరపాటు, మార్చేశాం, కొత్త బ్యాచ్ చేస్తున్నాం. వాళ్ళు ఒప్పుకుంటారు. నీ సాషే కూడా వెళ్తుంది."

"సత్తిబాబు సంగతి?"

"ఇంటికి పంపాలి. అలా చెప్పి అతన్ని ఇక్కడే ఎలా ఉంచుతాను?"

"సీలు తప్పని మీకు తెలుసా?"

"నీకు తెలుసా కాదని?"

తెలియదు. అదే చిక్కు. సీలు కొలతలు బాగానే ఉన్నాయి, కానీ కొలతలు బాగుండి కూడా కారిన సీళ్ళను చూశాను. బయటికి వస్తే సత్తిబాబు యంత్రం పక్కన నిలబడి ఉన్నాడు. ఎవరు చెప్పారో ఏమో, అతనికి అప్పటికే తెలిసిపోయింది.

"నా చేత్తో వేసిన సీలేనండి మేడమ్‌గారూ. నేను సరిగ్గానే వేశాననుకుంటున్నానండి. కానీ పొంగాయి కదండీ, నేనేం మాట్లాడనండి?"

అతనికి ధైర్యం చెప్పాలని నోరు తెరిచాను.  "ముందే భయపడబాక" అని మాత్రం అన్నాను. మా నెల్లూరు మాట అతనికి ఎంత అర్థమైందో.

మీటింగ్‌లో స్క్రీన్ మీద విదేశంవాళ్ళు, బల్లకు ఇటువైపు మేము. సాషేలు ఎందుకు పొంగాయని అడిగారు. సమీర్ నా వైపు చూశాడు. ఆ సాషే నా ఆలోచన. అది వెళ్ళాలని నాకెంత ఉందో ఆయనకు తెలుసు. అబద్ధం కూడా ఆడక్కర్లేదు, ఒక ఊహను నిజంలా చెబితే చాలు.

"కారణం నాకు తెలియదు" అన్నాను.

 స్క్రీన్ మీద ఒకాయన, ఎప్పటికి తెలుస్తుందని అడిగాడు. అదీ తెలియదన్నాను. కారణం తెలియని వస్తువు నౌకలోకి ఎక్కదు, అది వాళ్ళ నియమం, మంచి నియమం. సాషేను అక్కడికక్కడే తీసేశారు. హరీస్ ఒక్కటే వెళ్తుంది.

సమీర్ ఆ రోజు నుంచి నాతో మాట్లాడడం మానేశాడు. తర్వాత ల్యాబ్ ఫలితం వచ్చింది. సూక్ష్మజీవులు లేవు, సీళ్ళు గట్టిగానే ఉన్నాయి. కారం నూరేటప్పుడు మిక్సర్ వేగానికి గాలి బుడగలు చిక్కుకుని ఉంటాయన్నారు. ఉంటాయన్నారు, అంతే. నిదానంగా కలిపి మళ్ళీ చేసి చూశాం. అన్నీ బాగానే ఉండి, ఒక్కటి మళ్ళీ పొంగింది. దానికి కారణం ఎవరికీ దొరకలేదు. సత్తిబాబు మాత్రం ఉద్యోగంలో ఉన్నాడు.

చేరబోయే పిల్లలారా, తెలియదు అనే మాటకు ఏదో ఒక వెల ఉంటుంది. చెప్పినప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టరు. నేను చేసింది సరైనదే అనుకుంటాను. అయినా ఆ సాషేలు పారేయించిన రోజు ఇంటికి వెళ్ళి ఎందుకో ఏడ్చాను.

కాంటీన్‌లో టీవీ

ప్రయోగం రోజు పని ఆపి అందరం కాంటీన్‌లో చేరాం. లెక్క దిగుతూ దిగుతూ చివర్లో ఆగిపోయింది. ఏదో సరిగా లేదట, ఇవాళ కాదట. సత్తిబాబు నా వైపు వంగి, "మన హరీస్ వల్లేం కాదు కదండీ?" అన్నాడు. నవ్వాను కానీ, ఒక్క క్షణం నాకూ ఆ భయమే వేసింది. కొన్నాళ్ళకు మళ్ళీ చూశాం. ఈసారి నిప్పు కక్కుకుంటూ వెళ్ళిపోయింది. అందరూ అరిచారు. సమీర్ కళ్ళు తుడుచుకుంటూ నా భుజం తట్టాడు. అప్పటినుంచి మళ్ళీ మాట్లాడాడు.

కొన్ని వారాల తర్వాత హెస్సా ఫోన్ చేసింది. "హరీస్ మొదట్లో ఎవరూ పెద్దగా ముట్టలేదట. తర్వాత ఒకరోజు మొత్తం అయిపోయిందట."

"చూశావా, నేను చెప్పలేదా, మొదట్లో చప్పగా ఉంటుందని" అన్నాను.

స్పీకర్లో వింటున్న సమీర్, "చూశావా, నేను చెప్పలేదా, బాగుంటుందని" అన్నాడు.

ఎవరు గెలిచామో మాకు తెలియలేదు. ముక్కులు సర్దుకున్నాక రుచి తెలిసిందా, ఇంటి మీద బెంగతో తిన్నారా, వేరే తిండి అయిపోయిందా? 

ఆవిడ వచ్చిన రోజు

నేను రిటైర్ అవడానికి కొద్ది రోజుల ముందు, మా హరీస్ వెళ్ళినప్పుడు అంతరిక్ష కేంద్రంలో ఉన్న ఒకావిడ ఏదో సభకు దుబాయ్ వచ్చింది. వేరే దేశం మనిషి. తిండి చేసినవాళ్ళను చూడాలందని హెస్సా ఫ్యాక్టరీకి తీసుకొచ్చింది. పొట్టి మనిషి, మామూలు చొక్కా, దేన్ని చూసినా ఆగి చూస్తుంది. సత్తిబాబు రిటార్ట్ తలుపు తీసి చూపిస్తే దాదాపు తల లోపల పెట్టింది.

నేను ఆగలేకపోయాను. ఇన్నాళ్ళుగా నాలో నలుగుతున్న ప్రశ్న ఇంకెవర్ని అడగాలి? "మా హరీస్ అక్కడ ఎలా ఉంది? పులుపు కావాలనిపించిందా? చప్పగా ఉందా?"

సమీర్ నాకంటే ముందుకు వంగాడు.

ఆవిడ ఇబ్బందిగా నవ్వింది. "నిజం చెప్పనా? నేను తిన్నది ఒక్క చెంచా. ఒకరోజు ఉన్న రెండు పొట్లాలూ కత్తిరించగానే అందరం తేలుతూ చుట్టూ చేరాం. పొట్లాలేమో ఇంతే. తలా ఒక చెంచా వచ్చింది. రుచి పట్టుకునే లోపే అయిపోయింది. ఇంకో చెంచా అడగడానికి మొహమాటపడ్డాను." తర్వాత మామూలుగా అడిగింది: "ఎందుకు అంత చిన్నగా కట్టారు?"

 ఒక మనిషికి ఒక పొట్లం అని సూచనల్లో ఉంది. చిక్కదనం గురించి, సీలు గురించి, పులుపు గురించి అన్నాళ్ళు కొట్టుకున్నాం. పరిమాణం గురించి ఒక్కరికీ అనుమానం రాలేదు. హరీస్ పెద్ద పళ్ళెంలో పెట్టి చుట్టూ పదిమంది కూర్చుని తినేదని హెస్సాకు తెలుసు, సమీర్‌కు తెలుసు, నాకూ తెలుసు.

హెస్సా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "హరీస్ ఒక్కరే కూర్చుని ఎవరు తింటారు!" అని నవ్వడం మొదలుపెట్టి, ఆపుకోలేక గోడకు ఆనుకుంది. నాకు నవ్వాలో, సిగ్గుపడాలో, ఇన్నేళ్ళ అనుభవం ఏమైందని అడగాలో తోచలేదు. సత్తిబాబు మెల్లగా అన్నాడు, "అంటే మేడమ్‌గారూ, బాగుందనాండీ, బాగోలేదనాండీ?"

"తెలీదబ్బా" అన్నాను.

సమీర్ వంటశాల వైపు నడిచాడు. ఆ మధ్యాహ్నం కాంటీన్ మధ్యలో నేల మీద గుడ్డ పరిపించి, ఒక పెద్ద పళ్ళెం నిండా హరీస్ పెట్టించాడు. మధ్యలో గుంట చేసి నెయ్యి పోశారు. నేను ఇంటి నుంచి తెచ్చుకున్న కారం సీసా పక్కన పెడితే ఏమీ అనలేదు. అందరం చుట్టూ కూర్చున్నాం. ఆవిడ సత్తిబాబు పక్కన చోటు చేసుకుని, కాళ్ళు మడుచుకుని, చొక్కా చేతులు పైకి లాక్కుంది. ఈసారి మొహమాటపడలేదు.